పడడం నేర్పినావిడ

ఆమె పోయిందన్న సంగతి నాకు సంతలో అల్లం బేరమాడుతుండగా తెలిసింది.

మంచు ఇంకా విడవలేదు. గోనెపట్టా మీద అల్లం పోసుక్కూర్చున్నామె నాకు తూకం వేస్తూనే, పక్కన చిక్కుడుకాయలమ్మే ఆవిడతో అంటోంది: "గిన్నెల కొట్టాయన ఆడమనిషి రాత్రి పోనాదంట. ఇవాళ కొట్టు తియ్యనేదు. మంచానే ఉండీది గదా పాపం. పోన్లే, ఇడుదలయిపోనాది."

నేను సంచి నోరు తెరిచి పట్టుకుని అలాగే ఉండిపోయాను. అల్లం అందులో పడింది. "ఇంకేటి కావాలమ్మా?" అని ఆమె మళ్ళీ మళ్ళీ అడుగుతోంది. పెదాలు కదలడం కనపడుతోంది తప్ప మాట నా చెవికెక్కడం లేదు. అంతకు రెండ్రోజుల ముందు సాయంత్రమే ఆ మంచం మీది మనిషి, బిందెలు దించే కొక్కెం కర్రతో నన్ను పొడిచి, "అది మోచెయ్యా, మేకుకి తగిలించిన సంచా?" అని కసిరింది. అలా కసిరే మనిషికి విడుదలేమిటి? దేన్నుంచి?

ఆ మాట నాకిప్పటికీ మింగుడు పడలేదు.

ఆమెను నేను మొదట చూసింది ఫోనులో. పెదబయలు దారిలో ఉన్న బడికి రోజూ జీపులో పడి వెళ్ళి రావడంతో నా నడుం పట్టేసింది. డాక్టరు మాత్రలు రాసి, "రోజూ కాస్త ఒళ్ళు వంచండమ్మా" అన్నాడు. మా ఆయన ఉద్యోగం విశాఖలో. అరకులో నేనొక్కదాన్నే అద్దెకుంటాను. ఇంటికొచ్చి యోగా నేర్పే మనిషి ఇక్కడెక్కడ దొరుకుతుంది? ఫోనులో వెతికాను. సముద్రం ఒడ్డున కొందరు, అద్దాల గదుల్లో కొందరు, ఒంట్లో ఎముకలే లేనట్టు వంగిపోతున్నారు. వాళ్ళ మధ్య ఒకావిడ. వెలిసిపోయిన పచ్చగోడ ముందు, నేల మీద పరిచిన బొంత మీద నిలబడి ఉంది. ఒంటికి రెండింతలున్న పంజాబీ డ్రస్సు. యాభై దాటి ఉంటాయి. "అందరూ ఒచ్చేరా? రానోళ్ళకి నానేటీ సెయ్యనేను. మొదలెట్టేస్తన్నాను" అంది. అచ్చం మా పిన్ని గొంతు. నా వేలు అక్కడే ఆగిపోయింది.

ఆమెకు కుడి ఎడమలు తెలిసేవి కావు. "కుడికాలు ముందుకి... ఇది ఎడమేటి? సరే, మీకు ఏ కాలు బాగుంటే ఆ కాలు" అనేది. ఎలా కనిపెట్టేదోగాని, సరిగ్గా నేను ఊపిరి బిగబట్టినప్పుడే, "ఊపిరి దాసుకోకండి. దాసుకుంటే మురిగిపోద్ది" అనేది. "మొకం ముడవకండి. మొకం ముడిస్తే మోకాలికి భయమేస్తాది" అనేది. పాఠం మధ్యలో మాట మరిచిపోతే చెవి తమ్మె పట్టి లాక్కునేది, ఆ మాట అక్కడ వేలాడుతున్నట్టు.

ఆమె పాఠాలు రెండు మెట్లు. మొదటి మెట్టులో వంగడం, సాగడం. దాంతోనే నా నడుం దారికొచ్చింది. అక్కడితో ఊరుకోవచ్చు. కాని ఆ గొంతు వినకపోతే నాకు తెల్లవారినట్టుండేది కాదు. అందుకని రెండో మెట్టెక్కాను. చేతుల మీద లేవడం, వెనక్కి విల్లులా వంగడం, తలకిందులవడం. బకాసనం పాఠంలో ఆమె అరచేతులు నేలకానించి, మోకాళ్ళు భుజాలకింద చేర్చి, కొంగలా ఒళ్ళంతా గాలిలోకి లేపి, ధబ్బున ముందుకి పడింది. ఇంకెవరైనా ఆ ముక్క కత్తిరించి పారేసేవారు. ఆమె లేచి కూర్చుని జుట్టు ముడేసుకుంటూ, "పడ్డాను. సూసేరా? ఇయాళ పాఠం ఇదే. ముందు పడడం నేర్సుకోండి, లేవడం దానంతటదే వస్తాది. పడేటప్పుడు తల కాసుకోవాల, ఒళ్ళు ఒదిలీయాల. బిగిస్తే ఇరుగుతాది" అంది. ముందు దిండు పెట్టించి అందరిచేతా పడడమే చేయించింది. ఆ చలిలో, ఆ ఖాళీ ఇంట్లో, దిండు మీద పడి నేనొక్కదాన్నే పగలబడి నవ్వాను.

వీడియో కింద సందేహం రాస్తే సాయంత్రానికి జవాబు వచ్చేది. నడుం మళ్ళీ పట్టేస్తోందని రాశాను. "నడుముకి మొగమాటం ఎక్కువ. నొప్పని సెప్పదు, పట్టేస్తాది. బలవంతం సెయ్యకు తల్లీ" అని జవాబు. నా దృష్టిలో ఆమె ఏ విజయనగరంలోనో, పలాసలోనో, పొద్దున్నే బొంత పరుచుకుని ఉండేది.

ఒకరోజు చక్రాసనం చేస్తున్నాను. వెల్లకిలా పడుకుని, చేతులూ కాళ్ళూ నేలకానించి, నడుం పైకెత్తి విల్లులా ఉన్నాను. రైలు కూత వినపడింది. ఆమె అంది: "అదిగో, కిరండోలు బండొచ్చీసింది. దాని కూతయ్యీదాకా ఇలాగే ఉందాం. తరవాత బేగి కానిచ్చేద్దాం. ఇయాళ సంత. కొండమీదోళ్ళు దిగిపోతారు."

నా చేతులు జారిపోయాయి. ఆ వేళకి మా ఊరికి ఏ బండీ రాదు. కూత ఫోనులోంచి వచ్చింది. వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాను. మా అరకు మీదుగా పోయే కిరండోలు బండి, సంత, కొండ దిగే జనం. ఆమె వెనక కిటికీ రెక్క ఆరోజు కాస్త తెరిచి ఉంది. ఆ సందులోంచి కొండ, దాని మీద సెల్‌టవరు. నేను రోజూ జీపు కోసం నిలబడి చూసే కొండ. మూలన ఒకదాని మీద ఒకటి పేర్చిన అల్యూమినియం బిందెలు, పైకప్పుదాకా. ఇన్నాళ్ళూ ఇంటి సామాననుకున్నాను. ఏ ఇంట్లో ఉంటాయి అన్ని బిందెలు?

ఆమె ఎక్కడో లేదు. మా వీధికి అవతలి వీధిలో, గిన్నెల కొట్లో ఉంది.

ఆ గిన్నెల కొట్లో నేను బకెట్టు కూడా కొన్నాను. ఆ కొట్టాయన మైదానం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన బక్కపల్చటి మనిషి. కొండమీంచి వచ్చిన ఆడవాళ్ళతో వాళ్ళ ఒడియా కలిసిన మాటల్లోనే బేరమాడేవాడు. ఏ గిన్నె అమ్మినా ముందు వేలి కణుపుతో కొట్టి, ఆ మోత వాళ్ళకి వినిపించి గాని ఇచ్చేవాడు కాదు. సాయంత్రం బడినుంచి వస్తూ ఆయనకి ఫోను చూపించాను. "ఈవిడ..."

ఆయన ఫోను వంక చాలాసేపు చూశాడు. "మా ఆడమనిషేనండి."

"ఒక్కసారి కలవచ్చా? ఆవిడ దగ్గరే నేర్చుకుంటున్నాను నేను."

"రండి," అన్నాడు. ఒకడుగు వేసి ఆగాడు. ఏదో చెప్పబోయి, మళ్ళీ, "రండి" అన్నాడు.

కొట్టు వెనకే ఇల్లు. గిన్నెల దొంతరల మధ్య సన్నటి దారి. అక్కణ్ణుంచే గొంతు వినపడింది. "రెండు సేతులూ పైకి. మడమలు లేపండి. ఇంకా, ఇంకా." పాఠం నడుస్తోందన్నమాట. చీర సర్దుకుని, మనసులో దండం పెట్టుకుని, తెర తప్పించాను.

ఎదురుగా మంచం. స్టూలు మీద ఫోను, ఫోనులో పచ్చగోడ ముందు మునివేళ్ళ మీద నిలబడ్డ ఆవిడ. మంచం మీద గుండెలదాకా రగ్గు కప్పుకుని వెల్లకిలా పడుకున్న ఆవిడ. ఇద్దరూ ఒకరే. మంచం మీదావిడ రెండు చేతులూ పైకప్పు వైపు చాచి ఉన్నాయి. "మడమలు లేపండి" అంటోంది ఫోను. రగ్గు కింద ఏమీ కదల్లేదు.

నాకు దండం పెట్టడం గుర్తు రాలేదు. ఆమె చేతులు దించకుండానే తల తిప్పి నా వంక చూసింది.

"ఊపిరి ఒదులు తల్లీ," అంది. "ఒచ్చినకాణ్ణించీ బిగబట్టీసున్నావు."

అటక మీంచి బిందెలు దింపుతుంటే నిచ్చెన జారిందట. వెన్నుపూస దెబ్బతింది. నేను చూస్తూ వచ్చిన పాఠాలన్నీ అంతకు ముందు తీసినవే. వాటి కింద ఎప్పుడు పెట్టారన్నది రాసే ఉంటుంది. నేనెప్పుడూ చూడలేదు.

"తల కాసుకున్నాను," అంది ఆమె, గర్వంగానే. "పడడం తెలిసినదాన్ని కదా. నడుం సంగతే మర్సిపోనాను."

"మరి జవాబులు? నాకు మొన్న కూడా రాశారే?"

"నోరున్నాది, సేతులున్నాయి. రాయడానికి కాళ్ళెందుకు?"

"ఎవరికీ చెప్పలేదేమండీ?"

ఆమె చెవి తమ్మె లాక్కుంది. ఫోనులో చూసిన ఆ పని కళ్ళెదుట చూసేసరికి నాకు ఏడుపు ముంచుకొచ్చింది. "ఏటని సెప్పీది? పడిపోయినదాని మాటిని ఎవరు లేస్తారు? ఊళ్ళో అప్పుడే అన్నారు, యోగా సేసి సేసి నడుం ఇరగ్గొట్టుకున్నాదని. బిందెలు దింపి ఇరగ్గొట్టుకున్నానంటే ఇంటారా? అది సప్పగా ఉంటాది. నువ్వెవరికీ సెప్పకు టీచరమ్మా."

చెప్పనన్నాను.

అప్పటినుంచి వీలైన సాయంత్రమల్లా వెళ్ళేదాన్ని. మంచం పక్కనే బొంత. నేను చేస్తుంటే ఆమె కొక్కెం కర్ర పట్టుకుని పడుకుని చూసేది. ఎక్కడ వంకరుంటే అక్కడ కర్ర తగిలేది. ఫోనులో అంత తియ్యగా ఉండే మనిషి ఎదురుగా గయ్యాళి. "నాను సెప్పింది ఇదేనా? నా వీడియోలు సూసే ఇలా తయారయ్యేవా?" అని నెత్తి కొట్టుకునేది. అంతలోనే తన పొట్టమీది గిన్నెలోంచి ఉడకబెట్టిన రాజ్మా గింజలు ఒక్కొక్కటే తీసి నా నోట్లో పెట్టేది. కొట్టుకొచ్చిన కొండ ఆడవాళ్ళు తెర తప్పించి తొంగిచూసి, నేను కాళ్ళు గాల్లోకి లేపి ఉండడం చూసి, చీరచెంగు నోటికడ్డం పెట్టుకుని పోయేవారు. "రండే, మీరూ రండి" అని ఆమె కేకేసేది. ఎవరూ వచ్చేవారు కాదు.

ఆమెకు కూడా ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. ఫోనులో ఎవరో హిందీలో చెబుతుంటే చూసి నేర్చుకుందట. "ఆడు సెప్పీది ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. ఆడు ఊపిరి తియ్యమంటన్నాడో, ఒదలమంటన్నాడో తెలీదు. పొట్ట సూసి పట్టుకునీదాన్ని. మన మాటల్లో సెప్పీవోళ్ళుంటే ఎంత బావుణ్ణు అనుకునీదాన్ని. ఎవరూ సెప్పనేదు. నానే సెప్పీసినాను."

రెండో మెట్టులో ఒక్క పాఠం మిగిలిపోయింది. శీర్షాసనం. అది తీసేలోపే పడింది. "ఆఖరి పాఠమెప్పుడమ్మా?" అని జనం అడుగుతూనే ఉన్నారు. "బేగినే" అని ఈమె రాస్తూనే ఉంది. ఒక సాయంత్రం నా వంక అదోలా చూసి, "నీ ఒళ్ళు, నా నోరు" అంది.

"నావల్ల కాదండీ. నాకు తలకిందులంటే భయం. పైగా నేను టీచర్ని, పిల్లల తల్లిదండ్రులు చూస్తే నవ్వుతారు."

"తలకిందులుగా ఉంటే నీ మొగుడే గుర్తుపట్టడు. నీకెందుకు?"

నన్ను చాలా రోజులు సాధన చేయించింది, గోడ దగ్గర, దిండ్ల మధ్య. తీసే రోజున కొట్టాయన షట్టరు సగం దించి వచ్చి ఫోను పట్టుకున్నాడు. ఆమె మంచం మీంచి చెప్పడం మొదలుపెట్టింది. ఏళ్ళ కిందటి గొంతుకీ దీనికీ తేడా లేదు. వేళ్ళు పెనవెయ్యండి, నడినెత్తి ఆనించండి, బరువంతా ముంజేతుల మీదే, మెడ మీద కాదు, మెడ నొప్పున్నోళ్ళు ఇది సెయ్యొద్దు, ఊరికే సూడండి. నా కాళ్ళు నేలనొదిలాయి. గోడ తగిలింది. తర్వాత గోడనూ ఒదిలాయి.

తలకిందులుగా ఉన్న నా కళ్ళకి ఆమె ముఖమే ఎదురుగా ఉంది. నా చెవుల్లో రక్తం హోరు. పడిపోతానన్న భయం తప్ప నాలో ఇంకేమీ లేదు. ఆమె మాట్లాడడం ఆపి నా కళ్ళలోకే చూస్తోంది. "ఇంక దిగు," అంది మెల్లగా. దిగి, నుదురు నేలకానించి పడుకున్నాను. అలా కొంతసేపు ఉండాలి.

"ఏవండీ, ఇటు తిప్పండి" అని వినపడింది.

ఆమే మళ్ళీ అంది:

"ఫోను. నాకేసి తిప్పండి."

గభాలున తలెత్తాను. ఫోను మంచం వైపు తిరిగి ఉంది. నేను వద్దని చెయ్యి ఊపాను. ఆమె నన్ను పట్టించుకోలేదు. రగ్గు కాళ్ళమీంచి తనే పక్కకి లాగేసుకుంది. ఆ కాళ్ళని నేను కూడా అప్పటిదాకా చూడలేదు. పుల్లల్లా ఉన్నాయి.

"నాను ఇలాగున్నాను," అంది ఫోనుకి. "మీకు జవాబులు రాసినదంతా ఈ మంచం మీంచే. సెప్పకపోడం తప్పే. పాఠం మాత్రం తప్పు కాదు. పాఠమేటి సేసింది నన్ను? అటకెక్కినాను, పడ్డాను. ఇపుడు సేతులూ మెడా ఉన్నాయి, ఆటితో సేత్తన్నాను. రేపు మెడ ఒక్కటే ఉంటే మెడతో సేత్తాను. సరే, అందరూ పడుకోండి. శవాసనం. ఇది మాత్రం మీకంటే నానే బాగా సేత్తాను." అని కళ్ళు మూసుకుంది. ఆమె నవ్వుతోంది. కొట్టాయనకి ఫోను ఆపడం తెలియలేదు. ఆ నిశ్శబ్దం కూడా అందులోకి ఎక్కిపోయింది.

మర్నాడు వెళ్ళి అడిగాను, ఎందుకలా చేశారని.

"నన్ను సూడ్డానికొచ్చినోళ్ళందరి కళ్ళలో ఒకటే ఉంటాది. అయ్యో పాపం, అనీసి. నిన్న నువ్వు తలకిందులుగా నిలబడి నన్ను సూసేవు సూడు, నీ కళ్ళలో అది నేదు. నీ భయం నీకుంది. ఎంత హాయిగుందో! పోనీ, అందరూ సూడనీ, మొదట్లో అయ్యో అనుకుంటారు, తరవాత ఆళ్ళ భయాలు ఆళ్ళకుంటాయి గదా అనుకున్నాను."

వీడియో కింద రకరకాలుగా రాశారు. మోసమని కొందరు, దేవతని కొందరు. రెండూ చదివించుకుని ఒకే నవ్వు నవ్వింది. ఒకామె మాత్రం, తన కూతురూ మంచంలోనే ఉందనీ, పడుకుని చేసేవి చెప్పమనీ రాసింది. అది చదివాక నవ్వలేదు. "తలుపెయ్యండి, తీద్దాం" అంది మొగుడితో. వేళ్ళతో మొదలుపెట్టింది. వేళ్ళు, మణికట్టు, మోచెయ్యి. మెడ దాకా వచ్చింది.

ఆఖరిసారి చూసినప్పుడు ఆమె ఒళ్ళు కాలిపోతోంది. పడుకునే ఉండడంతో వీపున పడిన పుండు మళ్ళీ చీము పట్టింది. కిందకి, విశాఖ ఆసుపత్రికి తీసుకెళ్దామంటే, "సంత కానీండి" అంది. ఆ జ్వరంలోనే నా మోచేతిని పొడిచింది.

సంతలోంచి అల్లం సంచితోనే పరిగెత్తాను. కొట్టు షట్టరు సగం దించి ఉంది. గుమ్మంలో చాప మీద పడుకోబెట్టారు. ముఖం మీద పసుపు. మెట్ల మీద కొండనుంచి దిగిన ఆడవాళ్ళు, కొనడానికొచ్చినవాళ్ళు, కొనకుండా వెళ్ళకుండా కూర్చున్నారు. నేను ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డాను. అరికాళ్ళు నాకెదురుగా ఉన్నాయి. పగుళ్ళు లేవు, మట్టి లేదు, కాయ లేదు. ఇన్నాళ్ళు నేల తగలక, పసిపిల్ల పాదాల్లా నున్నగా ఉన్నాయి. యాభై దాటిన మనిషికి ఆ పాదాలు. అవి చూశాక నాకు ఇంకేమీ కనపడలేదు. ఎవరో లేవదీసి ఇంటికి పంపారు.

పెద్దకార్యం అయిన తర్వాత ఒక సాయంత్రం పలకరిద్దామని వెళ్ళాను. కొట్టు తెరిచే ఉంది, లోపల ఎవరూ లేరు. పిలిచాను. పలకలేదు. వెనకనుంచి ఆమె గొంతు వినపడింది. గిన్నెల మధ్యనుంచి పరిగెత్తి తెర లాగాను.

మంచం తీసేశారు. ఆ జాగాలో బొంత మీద కొట్టాయన ఒక పక్కకి ఒరిగిపోయి పడి ఉన్నాడు. ఒక కాలు మడిచి ఉంది, ఒక చెయ్యి గోడ పట్టుకుని ఉంది, ముఖమంతా చెమట. ఎదురుగా ఫోనులో ఆమె మొదటి మెట్టు మొదటి పాఠం చెబుతోంది. ఆయనకి కూడా ఏదో అయిపోయిందనుకున్నాను. "అయ్యో, ఏమైందండీ!" అని భుజం కింద చెయ్యేసి లేపబోయాను.

ఆయన నా చెయ్యి మెల్లగా తప్పించాడు. కళ్ళు ఫోను మీంచి తిప్పలేదు.

"ఉండండి టీచరుగారూ," అన్నాడు. "ఇంకా అవ్వలేదు."